అడగని నీళ్లు

అలా చూడకు. ఈసారి నేనొక్కదాన్నే వచ్చాను. నీ చెల్లెలు రాలేదు. ఎందుకు రాలేదో చెబుతాలే గానీ, ముందు ఈ పైన్ చెట్ల చెత్త ఊడ్చనీ. చలికాలమంతా నీ నెత్తిమీదే రాలినట్టుంది. పక్కనున్న లాత్వియా వాళ్ల సమాధి చూడు, ఇసకంతా ఎంత చక్కగా దువ్వి గీతలు గీసి పెట్టారో. నీదేమో కోళ్లు కెలికిన పెరడులా ఉంది.

అబ్బ, నడుం. కూర్చుంటానయ్యా కాసేపు. ఈ బెంచీ కూడా ఊగుతోంది. నువ్వుంటే... నువ్వుంటే మాత్రం ఏం చేసేవాడివి గేనా? మీటింగు పెట్టేవాడివి. డౌగవ్‌పిల్స్ సమాధుల తోటలో రష్యన్ల బెంచీలు ఎందుకు ఊగుతున్నాయని తీర్మానం రాసేవాడివి. వంటింట్లో కుళాయి కారుతుంటే ఒక్కనాడు పానా పట్టుకున్న మొగుడివా నువ్వు?

ఇదిగో, గుడ్డు. ఉల్లిపొట్టు వేసి ఉడకబెట్టాను, మంచి రంగొచ్చింది. ఈస్టర్ వెళ్లాక పోయినవాళ్లని చూసుకునే రోజున ఉత్త చేతులతో ఎలా వస్తాను? నీకు దేవుడు లేడు, సరే. నాకున్నాడు. పిట్టలకి జొన్నలూ తెచ్చాను.

ఏంటీ? సీసానా? వోద్కా లేదు ఈసారి. సంచిలో వెతక్కు. నీళ్లసీసా ఒకటే తెచ్చాను. దాని సంగతి తర్వాత.

నీ పార్టీ పోయింది గేనా.

అదుగో, మొహం ముడుచుకున్నావు. నేను చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? వాదిమ్ వచ్చి చెబుతాడా? పార్టీలో నువ్వు పెంచి పెద్దచేసిన ఆ లాయరు బాబు, నీ సమాధి ఏ మూల ఉందో కూడా మరిచిపోయి ఉంటాడు.

మొదట్నుంచీ నేనే చూశానుగా. దారాల ఫ్యాక్టరీ భోజనాల హాల్లో, క్యాబేజీ సూపు వాసనలో, నువ్వు కుర్చీ ఎక్కి నిలబడ్డావు. సోవియట్ దేశం విడిపోయి, లాత్వియా వేరే దేశమై అప్పటికి ఎన్నాళ్లో కాలేదు. పాత యుద్ధానికి ముందు నుంచీ ఇక్కడున్న కుటుంబాలకే పౌరసత్వం, తర్వాత వచ్చినవాళ్లకి ఊదారంగు పాస్‌పోర్టు అన్నారు. నువ్వు బడిపిల్లాడిగా ఉన్నప్పుడు మీ నాన్న రష్యాలోని ప్స్కోవ్ నుంచి ఫ్యాక్టరీ పనికొచ్చాడు కాబట్టి నువ్వు పరాయివాడివి. మా ముత్తాతలు గడ్డాలు తీసేసి పాత మతం మానమన్న జారు చక్రవర్తి నుంచి పారిపోయొచ్చి ఈ అడవుల్లో దాక్కున్నారు కాబట్టి నేను పౌరురాలిని. ఒకే మంచం, ఒకే దుప్పటి, అందులో ఒకరికి ఓటుంది, ఒకరికి లేదు.

ఆ కోపంలోంచే పుట్టింది నీ 'సమాన గౌరవం' పార్టీ. కోపం అబద్ధం అని నేనెప్పుడూ అనలేదు. విను, అనలేదు.

కానీ తమాషా చూడు, పార్టీ పెట్టినవాడికే ఓటు లేదు. నిలబడే హక్కూ లేదు. ప్రతి ఎన్నికలకీ నన్ను బడి దాకా తీసుకెళ్లి, లిండెన్ చెట్టు కింద సిగరెట్టు కాలుస్తూ నిలబడేవాడివి. లోపల మన పార్టీ కాగితం తీసుకుని, నచ్చినవాళ్ల పేరు పక్కన ప్లస్ గుర్తు పెట్టి, నచ్చనివాళ్ల పేరు కొట్టేసి, కవర్లో వేసి రావాలి. బయటికి రాగానే అడిగేవాడివి, "లుషా, పెట్టావా ప్లస్? ఎవర్ని కొట్టేశావు?" అని. నా చెయ్యి నీ చెయ్యే అనుకునేవాడివి. నేనూ అలాగే అనుకున్నాను. లాత్వియా భాషలో పరీక్ష రాసినవాళ్లు తమ ఓటు తామే తెచ్చుకున్నారు. నిన్ను అడిగితే మాత్రం, "సొంతింటి గడపలో అడుక్కోమంటావా? బెదిరిస్తే ఒక్క ముక్క కూడా నేర్చుకోను" అనేవాడివి. హాలంతా చప్పట్లు.

ఆ చప్పట్లు నిజం. పార్లమెంటులో మనవాళ్లు కూర్చున్నదీ నిజం. మన బళ్లలో రష్యన్ తీసేస్తామన్నప్పుడు పిల్లలూ తల్లులూ రోడ్లమీదికి వస్తే, ముందు నడిచినవాడివి నువ్వే. నగరసభలో మన మాటే చెల్లిన రోజులున్నాయి. మెయిన్ రోడ్డులో ఆఫీసు, గాజు తలుపు, దాని మీద పేరు. నేను కూడా గర్వపడ్డాను, అబద్ధమెందుకు. నా మొగుడు అని చెప్పుకోవడానికి పోస్టాఫీసు కౌంటర్లో ఎంత పొంగేదాన్నో నీకు తెలియదు.

తర్వాత? తర్వాత మెత్తగా మాట్లాడే పెద్ద పార్టీ వచ్చింది. రెండు భాషల్లోనూ నవ్వే కుర్రాళ్లు. మన వాళ్లు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. గాజు తలుపు పోయి, మంగలి షాపు వెనక గది వచ్చింది. అక్కడ వెంట్రుకల వాసన మధ్య కూర్చుని కూడా నువ్వు తీర్మానాలే రాశావు. ఆ గదిలోనే నీకు దగ్గు మొదలైంది.

నువ్వు పోయాక యుద్ధం వచ్చింది గేనా. అదృష్టవంతుడివి, చూడలేదు. రష్యా ఉక్రెయిన్ మీద పడింది. మంగలి షాపు వెనక గదిలో వాళ్లంతా ఏం చేశారనుకున్నావు? ఖండిద్దామా వద్దా అని అరుచుకున్నారు. ఖండిస్తే మన ముసలాళ్లు ఓటెయ్యరట. ఖండించకపోతే పోలీసులు వస్తారట. చివరికి ఏమీ అనలేదు. నోరు మూసుకుని కూర్చున్నారు. గొంతెత్తడానికి పుట్టిన పార్టీ! ఉక్రెయిన్‌లో, ఖార్కివ్‌లో అక్కాచెల్లెళ్లున్న వాళ్లు ఉమ్మేసి వెళ్లిపోయారు. రోజంతా మాస్కో టీవీ చూసేవాళ్లు పిరికివాళ్లని తిట్టి వెళ్లిపోయారు. ఆ తర్వాతి ఎన్నికల్లో ఒక్క సీటు రాలేదు. నేనా? నేను ప్లస్ పెట్టాను. ఎవరికి పెట్టానని అడక్కు, చెట్టు కింద నువ్వు లేవుగా.

సర్లే. నీ చెల్లెలు రిమ్మా సంగతికి వస్తాను.

గుర్తుందా, రిమ్మా చేత రష్యా పాస్‌పోర్టు తీయించింది నువ్వే. ఊదారంగుది పారేసి ఎర్రది తీసుకో, పెన్షను ముందే వస్తుంది, వీసా లేకుండా ప్స్కోవ్‌లో అమ్మమ్మ సమాధికి వెళ్లి రావచ్చు అన్నావు. అందరికీ ఆ కాగితాలు నింపి పెట్టడానికి ఆఫీసులో ఒక బల్ల కూడా వేయించావు. నువ్వు మాత్రం ఊదారంగుదే ఉంచుకున్నావు, పంతం. అన్నయ్య చెప్పాడంటే ఇంకేముంది, ఆ పిల్ల ఏనాడు ఎదురు చెప్పింది? పిల్లేమిటిలే, డెబ్బైకి దగ్గర పడింది. నాకు మాత్రం ఇప్పటికీ పిల్లే.

యుద్ధం వచ్చాక కొత్త రూలు పెట్టారు. ఎర్ర పాస్‌పోర్టు ఉన్నవాళ్లు లాత్వియా భాషలో చిన్న పరీక్ష ప్యాసవ్వాలి. లేదంటే ఇక్కడ ఉండనివ్వరు. మరీ ముసలాళ్లని వదిలేశారు, రిమ్మా ఇంకా అంత ముసలిది కాదు. ఇంటికి కాగితం వచ్చింది. అది పట్టుకుని నా దగ్గరికి వచ్చి నవ్వింది తెలుసా? "వదినా, నన్ను ఎక్కడికి పంపుతారట?" అని. చంకపిల్లగా వచ్చింది ఈ ఊరికి. ప్స్కోవ్‌లో ఆవిడకి ఒక మట్టిదిబ్బ తప్ప ఎవరున్నారు?

చిన్న పరీక్షే గేనా. ఎక్కడుంటావు, ఏం తింటావు, డాక్టరు దగ్గర ఏం అడుగుతావు, అంతే. పైగా రిమ్మా! మన ఊరి ట్రాము నడిపిన మనిషి. మైకులో ప్రతి స్టాపూ లాత్వియా భాషలోనే చెప్పింది ఇన్నేళ్లూ. తలుపులు మూసుకుంటున్నాయి, జాగ్రత్త, తర్వాతి స్టాపు మార్కెట్టు. వాతావరణం వార్తలు విని నాకు చెబుతుంది. చెవికంతా వచ్చు. నోటికే తాళం. ఆ తాళం ఎవరు వేశారో నీకు నేను చెప్పాలా? "ట్రాములో చెప్పేది భాష కాదు రిమ్మా, అది డ్యూటీ" అన్నది ఎవరు?

నేను బతిమాలాను. రోజూ వెళ్లి, టీ పెట్టుకుని, పక్కన కూర్చుని రెండు ముక్కలు మాట్లాడించబోయాను. "అన్నయ్య చచ్చేదాకా నోరు తెరవలేదు వదినా, నేను తెరుస్తానా" అనేది. గోడమీద నీ ఫోటో, దాని కింద ఎప్పుడూ పువ్వులు. నీతో మాట్లాడినట్టే మాట్లాడేది దాంతో.

ఈలోపు వాదిమ్ దిగాడు, కేకు డబ్బా పట్టుకుని. పరీక్షకి వెళ్లొద్దు రిమ్మా ఆంటీ, మీరు గెన్నాదీ గారి చెల్లెలు, మిమ్మల్ని పోలీసులు చేతులు పట్టుకుని రష్యా బస్సెక్కిస్తే ఊరంతా చూస్తుంది, మన పార్టీ లేచి నిలబడుతుంది, నగరసభ ఎన్నికలు ముందున్నాయి అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. నువ్వు ఏ భాషలో చదువుకుని లాయరువయ్యావు బాబూ అని అడిగాను. వాడికి లాత్వియా భాష మన భాష కన్నా బాగా వచ్చు. పిల్లల్ని కూడా ఆ బడిలోనే వేశాడు. నవ్వి కేకు డబ్బా విప్పాడు. రిమ్మా మాత్రం నిటారుగా కూర్చుంది, తల ఎత్తి, అచ్చం నీలాగే. ఆ కూర్చోవడం చూస్తే, ఈవిడ నిజంగానే బస్సెక్కేస్తుంది అనిపించింది.

నా మాట వినదు. చట్టానికి భయపడదు. నీ మాట ఒక్కటే వింటుంది.

అందుకని నీ చేత చెప్పించాను.

ఏం చూస్తావు? అవును. వాదిమ్ వెళ్లాక తలుపు గడియ పెట్టి, రిమ్మాని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను. "రిమ్మా, నీకొకటి చెప్పలేదు. ఎవరికీ చెప్పొద్దని మీ అన్నయ్య నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆసుపత్రిలో చివర్లో దాహమేస్తే, నర్సుని లాత్వియా భాషలో నీళ్లు అడిగాడు. అడిగి తాగాడు. తాగి నాతో అన్నాడు, మన రిమ్మాని నాలా మొండికెయ్యనివ్వకు అని."

అలా ఎలా వచ్చిందో నా నోట్లోంచి, నాకే తెలియదు. ముందు అనుకున్నది కాదు. ఒట్టూ వచ్చింది, నీ గొంతూ వచ్చింది. రిమ్మా రెండు చేతులతో మొహం కప్పుకుంది. నమ్మింది గేనా. నేను ఎన్నడూ అబద్ధం చెప్పనిదాన్ని కదా, నమ్మింది.

ఏం జరిగిందో నీకు తెలుసు. నీకూ నాకూ మాత్రమే తెలుసు.

ఆ ఆదివారం నేను ఆసుపత్రికి రావడం ఆలస్యమైంది. మన భాష తెలిసిన పెద్ద నర్సుకి సెలవు. ఉన్నది ఎవరో చిన్నపిల్ల, ఈ కాలం పిల్ల, రష్యన్ ముక్క రాదు. నువ్వు గంట నొక్కావు. వచ్చింది. ఏం కావాలి తాతగారూ అని తన భాషలో అడిగింది. మళ్లీ అడిగింది. నొప్పా అని నుదురు పట్టుకుని చూసిందట. పాపం, ఆ పిల్ల తప్పేం లేదు. నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. 'ఊదెన్స్', నీళ్లు. అంతే కదా మాట! కొట్లో కొన్న ప్రతి సీసా మీదా రాసుంటుంది. ఈ ఊళ్లో కుక్కలకి కూడా తెలుసు. నీకు తెలియదా?

నేనొచ్చేసరికి నీ పెదాలు చిట్లి నెత్తురు కారుతున్నాయి. నాలుక అంటుకుపోయి మాట రావట్లేదు. అయినా నవ్వావు. గెలిచినట్టు. "అడగలేదు లుషా" అన్నావు. నేను చెంచాతో పోస్తే గుటక పడలేదు, పక్కకి కారిపోయింది. ఆ తర్వాత ఎన్నాళ్లు ఉన్నావని? నీళ్లు తాగకే పోయావని డాక్టరు అనలేదు. నీ రోగమే నిన్ను తీసుకెళ్లింది, ఎలాగూ తీసుకెళ్లేదే. కానీ దాహంతో పోయావు. నీ పక్కన నీళ్లున్నాయి, ఇచ్చే మనిషుంది, అడగడానికి మాట ఉంది. ఇన్నేళ్లు ఆ నవ్వుని నేను మోశాను. ఎవరితోనూ అనలేదు. అంటే వాళ్లు చప్పట్లు కొడతారని భయం.

పోయాక నీ చేత నీళ్లు తాగించాను. అదీ నేను చేసింది.

ఆ మర్నాటి నుంచి రిమ్మా మారిపోయింది. నాకన్నా ముందే లేచి, మా ఇంటికే వచ్చి కూర్చునేది. నోరు పెగలనప్పుడల్లా నేను, మైకు పట్టుకున్నావనుకో అనేదాన్ని. వెంటనే గొంతు సవరించుకుని, ట్రాములో అరిచినట్టే, నా పేరు రిమ్మా, నేను మూడో అంతస్తులో ఉంటాను, నాకు హెర్రింగ్ చేప ఇష్టం! అబ్బ, ఎంత నవ్వామో. చాలా కాలానికి ఆ వంటింట్లో ఇద్దరం నవ్వాం. అప్పుడు నాకు తప్పు చేశానని అనిపించలేదు. ఒట్టు.

పరీక్ష గది బయట అంతా మన వయసువాళ్లే. గుండె చుక్కల మందు వాసన. ఒకావిడ గోడవైపు తిరిగి శిలువ గీసుకుంటోంది. నన్ను లోపలికి రానివ్వలేదు. కిటికీ కింద నిలబడితే రిమ్మా గొంతు వినిపించింది, తర్వాతి స్టాపు చెప్పినంత గట్టిగా. పరీక్ష పెట్టేవాళ్లు కూడా నవ్వారట. తర్వాత కొన్నాళ్లకి ఫలితం చెప్పారు.

ప్యాసయింది. ఉంటుంది. ఎవరూ పంపరు.

నేను ఏడ్చేశాను. కేకు కొందాం పద అన్నాను. రిమ్మా అక్కడే మెట్లమీద కూర్చుండిపోయింది. తర్వాత అడిగింది.

"ఇంతేనా వదినా?"

"ఇంతే."

"ఇంత తేలికైనదానికా అన్నయ్య మమ్మల్ని ఇన్నేళ్లు ఆపింది? నా ఓటు, నా ఉద్యోగంలో పైకి రావడం, అన్నీ వద్దన్నాడు. సెర్గేయ్ వాళ్లది ఆ భాష మాట్లాడే ఇల్లని, పెళ్లి కూడా వద్దన్నాడు. నేను మానేశాను. తనకి దాహమేస్తే మాత్రం అడిగి గుటుక్కున తాగేశాడా?"

ఆ సెర్గేయ్ సంగతి నాకు తెలియనే తెలియదు. నీకు తెలుసు కదూ?

ఆ సాయంత్రమే నీ ఫోటో గోడమీంచి తీసేసింది. పాత తువ్వాల్లో చుట్టి నా చేతికిచ్చింది, నీ దగ్గరుంచుకో వదినా అని. మేకు కూడా పీకేసింది.

అక్కడితో ఆగలేదు. పార్టీ మీటింగుకి వెళ్లింది. ఎప్పుడూ వెనక కుర్చీలో కూర్చుని టీలు అందించే రిమ్మా లేచి నిలబడింది. నా అన్నయ్య నీళ్లడిగాడు, వాళ్ల భాషలో అడిగాడు, మనకే వద్దన్నాడు అని చెప్పింది. మిగిలినవాళ్లు ఎంతమందిలే, ఒక పెద్ద బల్ల చుట్టూ సరిపోతారు. ఒక్కరు నీ తరఫున మాట్లాడలేదు. నీతో రోడ్డుమీద నడిచినవాళ్లే. ఒక ముసలాయన పకపకా నవ్వాడు, నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని కోటు వేసుకుని వెళ్లిపోయాడు. వాదిమ్ గాడు వెంటనే, అయితే పార్టీ మూసేద్దాం, మూసేయాలనేవాళ్లు చేతులెత్తండి అన్నాడు. వాడికి వేరే పార్టీలో చోటు దొరికిందని తర్వాత తెలిసింది. అన్ని చేతులూ లేచాయి.

నేనూ ఉన్నాను అక్కడ. అవును, తలుపు దగ్గర. చెప్పొచ్చు కదా అంటావు. ఆగండి, అది అబద్ధం, నేను అల్లాను, ఆ మనిషి నాలుక పిడచకట్టుకుపోయినా అడగలేదు అని ఒక్క మాట అంటే చాలు. చేతులు దిగిపోయేవి. నీ ఫోటో మళ్లీ ఎక్కేది. ఇంకా పెద్దది వేయించేవాళ్లు. దాహంతో చనిపోయిన నాయకుడు! వాదిమ్ దాన్ని పోస్టరే చేసేవాడు.

నోటిదాకా వచ్చింది. రిమ్మా వైపు చూశాను. ఆ చెయ్యి అందరికన్నా పైకి ఉంది. నిజం చెబితే ఆ చెయ్యి ఏమవుతుంది? అన్నయ్య దాహంతో పోతే నేను పరీక్ష రాశానా అని, ప్యాసైన కాగితం చించి, ప్స్కోవ్ బస్సు తానే వెతుక్కుని ఎక్కుతుంది. నాకు తెలుసు ఆ మనిషి. నీ రక్తమే కదా.

అందుకని ఊరుకున్నాను. నేనే చెయ్యి ఎత్తాను కూడా. నా చెయ్యి నీ చెయ్యే అనేవాడివిగా.

ఇదీ సంగతి. ఇవాళ కూడా పిలిచాను, గుడ్లు కట్టాను, రా రిమ్మా, ఎంతైనా అన్నయ్య అని. పని ఉంది వదినా అంది. ఏం పని, కిటికీ దగ్గర కూర్చుని ట్రాముల్ని చూడటం. ఇకముందు కూడా రాదు. నీ పరువు తీశాను, నీ పార్టీ మూయించాను, నిన్ను దేవుడిలా చూసిన ఒక్క మనిషినీ నీకు లేకుండా చేశాను. క్షమించమని అడగను. మళ్లీ ఆ వంటింట్లో కూర్చోబెడితే మళ్లీ అదే చెబుతాను.

నువ్వు అడిగి తాగినవాడివిగానే ఉండు గేనా. ఈ ఊళ్లో అలాగే ఉంటావు ఇక. నేను పోతే నిజం కూడా నాతోనే మా పాత మతం వాళ్ల సమాధుల్లోకి వస్తుంది. నిన్ను అక్కడ పడుకోనివ్వరు, తెలుసుగా, అదీ మంచిదే.

గాలి మొదలైంది. బస్సు వచ్చే వేళయింది. ఆ సీసా ఇలా తే... ఎవర్ని అడుగుతున్నాను నేను. ఉండు, మూత బిగుసుకుపోయింది. ఆఁ.

ఇదిగో, పోస్తున్నాను. నోరు తెరవక్కర్లేదు. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. తాగు.